కంపు లేని జీపు

కొండ మీది సరిహద్దు ఊళ్లకి పోయే జీపుల అడ్డాలో జనం టైర్లు చూడరు, డ్రైవర్ మొహమూ చూడరు. తలుపు తీసి, లోపలికి ముక్కు పెట్టి, గట్టిగా పీలుస్తారు. కంపు కొడితేనే ఎక్కుతారు.

మన టీచరమ్మకి ఇది మింగుడుపడుతుందా? పక్కింట్లో పాలు విరిగితే తనింట్లో ముక్కు మూసుకునే రకం! పాపం, ఆ సాయంత్రం మాత్రం తొందరగా కొండెక్కాలి. చంటిపిల్లని అమ్మ దగ్గర వదిలి ట్రైనింగుకని దిగింది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతోంది. పిల్లేమో డబ్బాపాలు నోట పెట్టదు.

మొదటి జీపు తలుపు తీసింది. మేకలు, తడి మేజోళ్లు, సీటు మీద ఎవరిదో వాంతి, దాని మీద పరువు కోసం ఓ పేపరు.

"ఛీ! పందులు కూడా ఎక్కవు."

"ఎక్కు తల్లీ," అంది లోపలున్న ముసలమ్మ, మేకని ఒళ్లోకి లాక్కుంటూ. "కంపుందంటే, మనుషులు ఎక్కి దిగిన బండే అని."

"మీరు ఎక్కి దిగండి మామ్మా!" అని మూతి తిప్పుకుని, వెనకున్న జీపెక్కింది. అద్దంలా ఉంది. కంపు లేదు. డీజిల్ వాసనైనా లేదు.

మలుపు తిరగ్గానే మంచు కమ్మేసింది. ఇంజను చప్పుడు సన్నగిల్లింది. సీటు వెచ్చగా ఉంది... కాస్త తడిగా కూడా. 'నా పాలేనేమో' అనుకుంది. చెయ్యి పెట్టి చూస్తే వేళ్ల మధ్య జిగురు తీగలా సాగింది. వికారానికని తెచ్చుకున్న నిమ్మకాయని గోటితో గిల్లి పీల్చింది.

వాసన లేదు.

మెడ మీద ఏదో గరుగ్గా పాకింది. నెమ్మదిగా... కింద నుంచి పైకి... ఆవు దూడని నాకినట్టు.

"ఆ... ఆపండి..."

డ్రైవర్ వెనక్కి తిరగలేదు.

"ఇంకొంచెం," అన్నాడు గుసగుసగా. "ఇంకా కొంచెం వాసనుంది మీకు."

కళ్లు మూసుకుంది. కాళ్లు, చేతులు, చెవుల వెనక... ఎక్కడా వదల్లేదు.

జీపు ఆగింది. ఇల్లెక్కడో ఆమె చెప్పనేలేదు. ఆగింది మాత్రం సరిగ్గా వాళ్ల గుమ్మం ముందే. పడుతూ లేస్తూ లోపలికి పరిగెత్తి, గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లని లాక్కుని రొమ్ముకి హత్తుకుంది.

పిల్ల ముక్కు ఆనించింది. వెతికింది. మొహం తిప్పేసుకుని, కొత్తవాళ్లెత్తుకున్నట్టు కెవ్వుమంది.

"నేనే బంగారూ... అమ్మనే..."

ఉన్నట్టుండి ఏడుపు ఆగింది. పిల్ల ముక్కుపుటాలు అదిరాయి. బోసినోరు తెరిచి నవ్వుతూ, రెండు చేతులూ గుమ్మం వైపు చాపింది.

బయట జీపు ఇంకా వెళ్లలేదు. తలుపు తెరిచే ఉంది.

పిల్ల అమ్మమ్మ గాలి పీల్చి, అయోమయంగా అటు చూసింది.

"ఏమే... నువ్వు ఇక్కడుంటే, నీ వాసన ఆ బండిలోంచి వస్తోందేంటే?"