అరుగు మీది గడియలు

పొద్దున ఆరు గంటలకు చెన్నకేశవులు చేతిలో మూడు ఒట్లున్నాయి. ఇళ్లలో మనుషులున్నారో లేదో లెక్కగట్టే సర్కారు యంత్రం, గృహమాపకం, ఒట్టుదారుకు రోజుకు అంతకు మించి ఇవ్వదు. వాడని ఒట్టు పొద్దుగూకేసరికి చెల్లకుండా పోతుంది. ఇంట్లో కాపురముందని వేసే ఒట్టుకు ఇంటివాళ్లు ఇచ్చే రుసుము ఆరు వందలు. అబద్ధమని తేలితే లైసెన్సు పోతుంది. పదకొండేళ్లలో అతని ఒట్టు ఒక్కటీ తప్పలేదు. ఆ పేరే అతని పెట్టుబడి.

మొదటి రెండూ పది గంటల్లోపే అమ్ముడుపోయాయి. ఒకటి కంటి ఆపరేషనుకు వెళ్లి నెలంతా ఆస్పత్రి ఊళ్లోనే ఉండిపోయిన మాస్టారింటికి, ఇంకొకటి తెల్లవారుజామునే పొలానికి పోయే దంపతులకు. ప్రతి ఇంట్లో యంత్రం పెట్టిన గోడకన్ను గోడల మధ్య మసిలే మనుషుల్నే లెక్కపెడుతుంది. నెలకు మూడు వందల ఉనికి గడియలు పడితే అది కాపురమున్న ఇల్లు. పన్నులో ముప్పాతిక మాఫీ, డాబా నుంచి అరుగు దాకా సర్కారు చలువపందిరి. పడకపోతే ఖాళీ ఇల్లు. మూడు రెట్ల పన్ను, పందిరి ముడుచుకుపోతుంది. మనిషి ఒట్టు వేస్తే తప్ప యంత్రం ఆ లెక్క మార్చదు.

మూడోదానికి కబురు పెట్టింది సైదమ్మ. అతను వెళ్లేసరికి అరుగు మీద మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. పందిరి అవతల వీధిలో యాభై ఒక్క డిగ్రీల పల్నాటి ఎండ.

"ఏందయ్యా కేశవులూ, ఈ ఇంట్లో నేను లేనంట! మరి ఈ కూర్చున్నదెవరు, దెయ్యమా?"

అతను చేతిలోని లెక్కల పలక చూశాడు. ఈ నెల పడింది నలభై గడియలే. నాలుగింటికి పందిరి పోతుంది.

"కాసేపు లోపల కూర్చోకూడదా, అక్కా?"

"లోపల పన్నెండు బస్తాల మిరపకాయలున్నాయి. తుమ్ముకుంటా కాపరం చెయ్యమంటావా?"

ఆమె పనీ, తిండీ అరుగు మీదే, పడక డాబా మీద. పైన పందిరి ఉంది కాబట్టే అది సాగుతోంది. ఇచ్చిన నీడలో బతుకుతున్నందుకే ఆ నీడ పోతోంది. ఈ సంగతి చెన్నకేశవులుకు కొత్త కాదు. అతనూ బేరాలు అరుగు మీదే చేస్తాడు, డాబా మీదే పడుకుంటాడు. ఒట్టుదారు ఇంటికి ఎవరూ ఒట్టు వేయరాదని నిబంధన. అందుకని ఆరేళ్లుగా ఖాళీ ఇంటి పన్ను కడుతూ, పందిరి లేని డాబా మీద ఉడికిపోతున్నాడు.

సైదమ్మ కొంగుముడి విప్పి ఆరు వందలు తీసింది.

"ఇంద. వచ్చే నెలా ఇస్తా, ఆ పై నెలా ఇస్తా. నా ఇంట్లో నేనున్నానని నాకే అమ్ముతున్నావు. మంచి బేరమేనయ్యా!"

పక్కింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు పకపకా నవ్వారు. బేరంలో మాట పడితే వెంటనే తిప్పికొట్టడం అతని అలవాటు. ఈసారి పలక మీద ఒట్టు పత్రం తెరిచాడు.

అందులో రెండు గళ్లుంటాయి. మొదటిది మనిషికి, రెండోది ఇంటి హద్దుకు. రెండోదాన్ని ఒట్టుదారులు ముట్టరు. యంత్రం కాదంటే లైసెన్సు రద్దు. చెన్నకేశవులు పలకను అరుగు అంచున నడిపించాడు, మెట్లెక్కి డాబా పిట్టగోడ చుట్టూ తిప్పాడు. కిందికొచ్చి రెండో గడిలో వేలు పెట్టాడు.

"ఈ అరుగు ఇల్లే. ఈ డాబా ఇల్లే. ఒట్టు."

పలక అడిగింది: ఈ హద్దు ఈ ఒక్క ఇంటికా, ఈ తీరు ఇళ్లన్నిటికా?

ఒక్క ఇంటికే అంటే సైదమ్మ గట్టెక్కుతుంది, రేపు ఇంకో ముగ్గురు కబురు పెడతారు. అన్నిటికీ అంటే ఊళ్లో రెండు వేల పైచిలుకు అరుగుల ఇళ్లు. అతని గిరాకీలో ముప్పాతిక అక్కడిదే.

"ఏందయ్యా, ఆగిపోయావు?"

"దుకాణం మూసెయ్యాలా వద్దా అని చూస్తన్నాలే."

"మూసి ఇటు రా. తొడిమలకు ఒక మనిషి తక్కువ."

అన్నిటికీ అని నొక్కాడు. పరిశీలనలో ఉంది, అంది పలక.

నాలుగయింది. పందిరి అంచు వణికి, మూరెడు మేర ముడుచుకుంది. ఎండ వచ్చి మిరపకాయల మీద పడింది. సైదమ్మ చేతులు ఆగిపోయాయి. చెన్నకేశవులు లైసెన్సు బిళ్లను జేబులోంచి తీసి, ఇచ్చేయడానికి సిద్ధంగా పట్టుకున్నాడు.

పందిరి ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి పరుచుకుంది. వీధి పొడుగునా ఏళ్లుగా ముడుచుకుని ఉన్న పందిళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఎవరో ఈల వేశారు.

పలక మళ్లీ మోగింది. పాత లెక్కలు తిరగరాస్తున్న గృహమాపకం చెన్నకేశవులు ఇంటికి ఆరేళ్ల అదనపు పన్ను, ముప్పై ఒక్క వేలు, వాపసు చూపింది.

సైదమ్మ మెడ చాచి చూసింది. "అమ్మ కేశవులూ! ఇది ముందే లెక్కేసుకున్నావా?"

"లేదక్కా, ఒట్టు."

"ఒట్లన్నీ అయిపోయినాయిగా, ఎట్టా నమ్మేది?"

ఆమె చాచిన డబ్బు అతను తీసుకోలేదు. ఇంటికి పోయి, ఆరేళ్లకు నీడ పడిన తన అరుగు మీద కాళ్లు చాపుకుని లెక్క చూసుకున్నాడు. ఒట్లు మూడూ ఖర్చు. రాబడి పన్నెండు వందలు, వాపసు ముప్పై ఒక్క వేలు. రేపటి నుంచి గిరాకీలో పావు వంతే. ఇంతలో పలక మీద ఒక ఉనికి గడియ పడింది. దాన్నీ జమలో రాసుకున్నాడు. అతని పేరున, అతని అరుగు మీద, ఎవరి ఒట్టూ లేకుండా పడిన మొదటి గడియ అది.