పడిపోయాక కాంట్రాక్టరు

"బావ మా కంపెనీ ఉద్యోగి కాదక్కా."

తమ్ముడి నోట ఆ మాట వినగానే ఆమె ఆసుపత్రి వరండాలో గోడ పట్టుకుని నిలబడింది. లోపల మంచం మీద భర్త ఉన్నాడు. పొద్దున ఎవరింటికో బరువైన పార్సిల్ మోసుకెళ్తూ మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టర్లు. ఖర్చు కంపెనీ చూసుకుంటుందిలే అని ఆమె గుండె రాయి చేసుకుని కూర్చుంది. అక్కడ డ్రైవర్ల మీద సూపర్‌వైజరు సొంత తమ్ముడే. ఆయనకు ఆ పని ఇప్పించిందీ వాడే కదా...

"ఉద్యోగి కాకపోతే మరెవర్రా?"

"కాంట్రాక్టరు. వ్యాను ఆయనది, వ్యాపారం ఆయనది. మేం పార్సిళ్లు మాత్రమే ఇస్తాం. దెబ్బ తగిలినా ఆయనదే బాధ్యత. చేరేటప్పుడు ఒప్పుకునే చేరాడు. పైవాళ్లు ఇలాగే చెప్పమన్నారు." తల వంచుకుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు తమ్ముడు.

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఇన్నేళ్లూ తను ఒక యజమానికి అన్నం వడ్డిస్తున్న సంగతి ఆమెకే తెలియదు! తల్లి పోయాక ఈ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది తనే.

"పోయిన నెల గడ్డం గీసుకోలేదని బావని నలుగురిలోంచి ఇంటికి పంపావు. గుర్తుందా?"

"అది రూలు అక్కా. పొద్దున్నే అందర్నీ వరసలో నిలబెట్టి చూడాలి."

"తన వ్యాపారం తను చేసుకునేవాణ్ణి వరసలో నిలబెట్టడానికి నువ్వెవరివిరా? ఏ చొక్కా వేసుకోవాలో మీరే చెప్తారు. ముందు ఏ వీధికి పోవాలో మీరే చెప్తారు. వేరే కంపెనీ పార్సిల్ ఒక్కటి వ్యానులో పెట్టనిస్తారా? ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నట్టుంది మీ వరస."

తమ్ముడు బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆరోజు బావ నన్ను ఒక్క మాటనలేదక్కా. గడ్డం గీసుకుని తిరిగొచ్చి, ఇప్పుడు పెళ్లికొడుకులా ఉన్నానా బామ్మర్దీ అని అందర్నీ నవ్వించాడు." వాడు తలెత్తి అక్క వైపు చూశాడు. "లేబర్ ఆఫీసులో కేసు వెయ్యండి. ఆయనతో ఉద్యోగం చేయించింది నేనేనని నేనొచ్చి చెప్తాను."

తెరిచిన తలుపులోంచి భర్త గొంతు నీరసంగా వినిపించింది. "వద్దు. వాడి ఉద్యోగం పోతుంది. వాడికి పిల్లలున్నారు."

ఆమె నిర్ఘాంతపోయింది. పక్కకు ఒత్తిగిల్లలేని మనిషికి ఇంకా బామ్మర్ది బెంగే! ఒకవైపు ఈయన, ఇంకోవైపు తను పెంచిన వాడు... ఎవరి నోటి దగ్గర కూడు తియ్యాలి తను? కన్నీళ్లు అప్పుడు కట్టలు తెంచుకున్నాయి. పైటచెంగుతో ముఖం తుడుచుకుని తమ్ముడి దగ్గరకు వెళ్లి కూర్చుంది.

"వ్యాను అమ్మి ఆపరేషన్ చేయిస్తాను. నువ్వొచ్చి నిజం చెప్పు. ఉద్యోగం పోతే పిల్లల్ని తీసుకుని మా ఇంటికొచ్చెయ్. ఉన్నదే అందరం తిందాం."

వాడు చిన్నపిల్లాడిలా ఆమె భుజం మీద తలవాల్చి ఏడ్చాడు.

ఇంతలో వాడి ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి పెద్ద మేనేజరు. రేపు ఆయన వీధుల్లో పార్సిళ్లు ఇవ్వడానికి తన బదులు ఇంకో మనిషిని వెతికి పంపమని మీ బావతో చెప్పు, లేకపోతే ఆయన లైను వేరేవాళ్లకి ఇచ్చేస్తాం అంటున్నాడు. ఆ మాటలు ఆమెకూ వినబడ్డాయి.

తమ్ముడు కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"మన ఉద్యోగి డ్యూటీలో పడిపోయాడండీ. మనిషిని మీరే చూసుకోండి."