రెండో సిమ్

కల్వర్టు మలుపులో పోలీసు జీపు వేగం తగ్గింది. నాలుగు తూటాలు పేలాయి. వెనక సీట్లో సైంటిస్టు, స్టీరింగ్ ముందు కానిస్టేబుల్ అక్కడికక్కడే ప్రాణాలొదిలారు. జీపు అద్దానికి బిగించిన కెమెరా అంతా రికార్డు చేసింది, చంపినవాళ్ల మొహాలు తప్ప.

"విదేశీ ముఠా పని," ఏజెంటుతో అన్నాడు గూఢచారి విభాగం చీఫ్. "సైంటిస్టు కనిపెట్టిన ఫార్ములా ఇప్పుడు ఆయన భార్యకొక్కదానికే తెలుసు. రేపు ఆమెనూ అదే దారిలో తీసుకురావాలి. కెమెరా మెకానిక్‌గా వెళ్లు."

"అక్కడ మనవాళ్లు?"

"ఒకామె ఉంది. ముఠా మాత్రం ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

ఏజెంటు వెళ్లేసరికి, చనిపోయిన కానిస్టేబుల్ పనిచేసిన పల్లె పోలీస్ స్టేషన్లో కెమెరాల కంపెనీ తరఫున ఆమె ట్రైనింగ్ ఇస్తోంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. పోలీసులు కెమెరాను తప్ప అన్నీ శ్రద్ధగా చూస్తున్నారు.

ఏజెంటు టూల్‌బాక్స్ దించాడు. "లెన్స్ మీద దుమ్ముందండీ."

"తుడిస్తే గీతలు పడతాయి."

కోడ్ కలిసింది. బానెట్ చాటున ఆమె గొంతు తగ్గించింది. "కెమెరాలో ముఠా పెట్టించిన రెండో సిమ్ ఉంది. జీపు ఎటెళ్తోందో వాళ్లు లైవ్‌లో చూస్తారు. మాటలూ వింటారు. నెల క్రితమే చీఫ్‌కి రిపోర్ట్ పంపాను."

"హత్య జరిగి పది రోజులేగా?"

ఆమె బానెట్ మూసేసింది.

ఏజెంటు ఫోన్లో నిలదీసినా చీఫ్ గొంతు తొణకలేదు. "సిమ్ పీకేస్తే ఆమె దొరికిపోయేది. రేపు కూడా తియ్యకు. ముఠా మొత్తం వలలో పడాలి. ఒక ప్రాణం పోతే పోయింది..."

"రెండు, సార్."

లైన్ కట్టయింది.

మర్నాడు జీపు నడిపింది హెడ్ కానిస్టేబుల్, పోయిన కానిస్టేబుల్‌కి సొంత అన్న. వెనక సైంటిస్టు భార్య. ముందు సీట్లో ఏజెంటు, చేతిలో లావుపాటి స్క్రూడ్రైవర్. దాని పిడిలో బటన్ నొక్కితే కెమెరా, కాలవగట్టు దారిలో తీసిన పాత రికార్డింగ్‌ని లైవ్‌లా పంపుతుంది. కెమెరా వింటోంది కాబట్టి పక్కవాడికి ఒక్క ముక్క చెప్పడానికి లేదు.

రోడ్డు చీలే చోటు దగ్గర పడగానే బటన్ నొక్కాడు. పిడి మీద దీపం వెలగలేదు. దూరంగా కల్వర్టు కనబడుతోంది. మళ్లీ నొక్కాడు. తుపాకీ గొట్టం ఎండకి తళుక్కుమంది. మూడోసారి, సరిగ్గా రోడ్డు చీలే చోట, పచ్చదీపం వెలిగింది.

ముఠా స్క్రీన్ మీద జీపు కాలవగట్టు వైపు తిరిగింది. హంతకులు కల్వర్టు వదిలి అటు పరిగెత్తి, నేరుగా అక్కడ మాటేసిన కమాండోల చేతుల్లో పడ్డారు. జీపు కల్వర్టు దాటేటప్పుడు అక్కడ హంతకుల సిగరెట్ పీకలింకా పొగలు కక్కుతున్నాయి.

స్టేషన్‌కి చేరాక ఏజెంటు సంగతి చెప్పి సిమ్ ఊడదీశాడు. హెడ్ కానిస్టేబుల్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"మా తమ్ముడి జీపులోనూ ఇదే ఉందా బాబూ?"

"ఉంది అన్నా."

"మీవాళ్లకి ఎప్పట్నుంచి తెలుసు?"

ఏజెంటు వంగి టూల్‌బాక్స్ సర్దసాగాడు. పెద్దాయనకి అర్థమైంది. సిమ్ తిరిగిచ్చేసి, టోపీ తీసి, లోపలికెళ్లిపోయాడు.

వారానికి ఆర్డర్ వచ్చింది. సిబ్బంది ప్రాణరక్షణ నిమిత్తం పల్లె స్టేషన్ల జీపులన్నిటికీ కెమెరాలు తప్పనిసరి. చీఫ్ కారుకి మాత్రం, భద్రతా కారణాల వల్ల, మినహాయింపు.