కుర్చీ వేయని ఇల్లు

కేతేపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కితే సుమన ఇప్పటికీ ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చుంటుంది. అటువైపు ఒకప్పుడు రేకుల కప్పుతో చిన్న చాయ హోటలుండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. ఆమె కళ్లు మాత్రం ఆ షాపును చూడవు. రెండువేల పదహారు వానాకాలంలో సరిగ్గా అక్కడే తనతో కయ్యానికి దిగిన ఒక పొడుగాటి మనిషిని చూసుకుంటాయి. తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ రోజులు మళ్లీ రావు కదా అని కాస్త దిగులుగానూ ఉంటుంది.

అప్పటికి సుమన హైదరాబాదులో పిహెచ్‌డీ చేస్తోంది. పుట్టి పెరిగింది అమలాపురం పక్కన ఒక పల్లెటూరు. ఆమె పరిశోధనాంశం విని సొంత బాబాయే పగలబడి నవ్వాడు. ఇంటికొచ్చిన మనిషిని ఎవరెలా పలకరిస్తారు, ఏ మర్యాదలు చేస్తారు, కోస్తాకీ తెలంగాణకీ అందులో తేడా ఏమిటి? ఇదీ విషయం. దీనికోసం నల్గొండలో ఒక గది కిరాయికి తీసుకుని, పాత స్కూటీ ఒకటి సంపాదించి ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది.

కేతేపల్లికి వచ్చిన మొదటిరోజు చాయ హోటల్లో బల్ల మీద రికార్డర్ పెట్టుకుని, చుట్టూ జనం మాటలు వింటూ కూర్చుంది. అడక్కుండా ఎవరి మాటలూ రికార్డు చేయకూడదన్న నియమం ఆమెకు తెలుసు. హోటలాయన్ను అడిగింది కూడా. కూర్చున్నవాళ్లను అడగాలని మాత్రం తట్టలేదు.

పక్కనున్న మోటర్ వైండింగ్ షాపులోంచి, చేతుల నిండా వార్నిష్ మరకలతో ఒకతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“గా మిషన్ల మా మాటలు పడుతున్నయా మేడం?”

“అవునండి. పరిశోధన కోసం.”

“మమ్ములను అడిగిన్రా మరి? ఇన్నేండ్లు సినిమాలల్ల రౌడీలకు, జోకర్లకు మా మాటలు వెట్టి నవ్విన్రు. గిప్పుడు మీరు పట్నం తీస్కపోయి క్లాసుల ఇనిపిచ్చి నవ్వుతరా?”

సుమనకు ముఖం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. తప్పు తనదే కాబట్టి వాదించలేదు. అతని ముందే రికార్డు చేసిందంతా చెరిపేసి, తన పని ఏమిటో ఓపిగ్గా చెప్పింది. అతను చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

“అంటే, చాయ తాగుతవా అని అడుగుడు మీద పిహెచ్‌డీ ఇస్తరా?”

“బాగా రాస్తే ఇస్తారండి.”

నవ్వు ఆపుకోవాలని అతను గట్టిగానే ప్రయత్నించాడు గానీ వల్ల కాలేదు. ఆమె కూడా నవ్వేసింది. అతని పేరు ఎల్లేష్. బీఎస్సీ చదివాడు. తండ్రి పర్వతాలుకు చూపు ఆనడం తగ్గినప్పటి నుంచి షాపు తానే నడుపుతున్నాడు. చుట్టుపక్కల ఏ బోరు మోటరు కాలినా అతని దగ్గరికే రావాలి కాబట్టి, అతనికి తెలియని గడప లేదు. ఆ రోజు తిట్టినందుకు పరిహారంగా అన్నట్టు, ఆమెను ఇంటింటికీ తీసుకెళ్లే పని తన నెత్తిన వేసుకున్నాడు.

అతను ముందు బైకు మీద, ఆమె వెనక స్కూటీ మీద. ఊరి నోటికి పని కల్పించకుండా అంత దూరం పాటించేవారు. కానీ బైకు అద్దంలో అతని కళ్లు తరచూ వెనక్కే ఉండేవి. ఒకసారి ఆ చూపుల ధ్యాసలో బైకును తిన్నగా వరి మడిలోకి దించాడు. ఎద్దు అడ్డమొచ్చిందని చెప్పాడు గానీ, ఆ చుట్టుపక్కల ఎద్దన్నది ఎక్కడా కనబడలేదు. ఆమె మాట చివర అండీ అన్నప్పుడల్లా అతనూ అండీ అని ఏడిపించేవాడు. అతను మాట మొదట్లో జర అంటే ఆమె జర అని వెక్కిరించేది. అలా వెక్కిరిస్తూనే ఆమెకు ఆ మాట నోటికి అలవాటైపోయింది.

ఓ సాయంత్రం మూసీ కాలువ గట్టు మీద ఉండగా వాన పట్టుకుంది. వడ్లు కొనే చోట ఖాళీగా పడివున్న రేకుల షెడ్డులోకి పరుగెత్తారు. అతను మెడ మీది తువ్వాల తీసి ముందు రికార్డర్‌కు చుట్టాడు, ఆమెకు కాదు. ఆమెకు కాస్త కోపం వచ్చింది. ఆ కోపం పైకి కనబడకుండా వాన వైపు తిరిగి నిలబడింది. చాలాసేపటికి వెనకనుంచి అతని గొంతు వినబడింది.

“నీ పుస్తకం అయిపోతే మల్ల గీ దిక్కు రావా?”

“రావడానికి నాకిక్కడ పనేముంటుందండి?”

“పనే ఉండాల్నా? నేనుంట గద.”

అప్పటిదాకా మేడం, మీరు అంటున్నవాడు ఉన్నట్టుండి నువ్వులోకి దిగిపోయాడు. ఇలాంటి మార్పుల మీదే పిహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి అక్కడే చెవులు నిక్కబొడుచుకోవాల్సింది. కానీ ఆమె చెవుల్లో అప్పుడు ఆ ఒక్క మాటే మోగుతోంది. తలెత్తి అతన్ని చూసి, ఉంటే వస్తాను అంది. వాన తగ్గినా చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

ఎల్లేష్ వాళ్లింటికి సుమన అప్పటికే చాలాసార్లు వెళ్లింది. అతని తల్లి యాదలక్ష్మి ఆమె అడుగుపెట్టగానే ప్లాస్టిక్ కుర్చీ లాగి, కొంగుతో తుడిచి వేసేది. చెంబుతో నీళ్లు, సాసర్‌లో కప్పు పెట్టి చాయ. వెళ్లేటప్పుడు వాకిలి దాకా వచ్చి పంపేది. సుమన ఇవన్నీ శ్రద్ధగా గమనించి ఒక అధ్యాయమే రాసింది. ఈ పక్క మర్యాదంతా మాటలో కన్నా చేతలో ఉంటుందనీ, కుర్చీ వేయడం దానికి మొదటి మెట్టనీ, ఆ మర్యాద తగ్గిందంటే మనసు విరిగినట్టేననీ తేల్చింది. వాళ్ల కోనసీమలో అంతే మరి. ఎంత ప్రేముంటే అంత బతిమాలడం. అల్లుడైనా సరే, కోడలైనా సరే, ఇంకొంచెం వేసుకోండి అని విస్తరి మీద పడాల్సిందే. సుమన గైడు ఆ అధ్యాయం చదివి తెగ మెచ్చుకుంది.

పరిశోధన ముగింపుకొచ్చే వేళకు మైసూరులో రెండేళ్ల ఉద్యోగానికి పిలుపొచ్చింది. వెళ్లాలా వద్దా అని సుమన తేల్చుకోలేకపోయింది. ముందు ఇంట్లో చెప్పమని ఎల్లేష్‌ను తొందరపెట్టింది. తల్లి నాగరాణికి తాను ఎప్పుడో చెప్పేసింది. అవతలి పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అని ఆవిడ ఒకే ఒక షరతు పెట్టింది. ఒక రాత్రి ఎల్లేష్ ఫోన్ చేసి, అమ్మకు చెప్పేశాననీ, ఆమె విని ఏమీ అనలేదనీ, రేపు ఒకసారి రమ్మందనీ చెప్పాడు. అతని గొంతులో ఏ బెంగా లేదు. బెంగంతా సుమనదే.

మర్నాడు ఉన్నవాటిలోకల్లా మంచి చీర కట్టుకుని వెళ్లింది. యాదలక్ష్మి అరుగు మీద కూర్చుని పుంటికూర తెంపుతోంది, సుమన వాళ్ల ఊళ్లో దాన్నే గోంగూర అంటారు. ఆమె లేవలేదు. కుర్చీ గోడకు ఆనించి ఉంది, అలాగే ఉంది.

“పొద్దుగాల్ల రమ్మంటే గిప్పుడా వచ్చేది?” అంది తల ఎత్తకుండా. “కుండల నీళ్లున్నయ్, ముంచుకొని తాగు. తాగి గీ కూర తెంపు. నాకు పొయ్యి కాడ పనుంది.”

సుమన నీళ్లు ముంచుకుని తాగింది. నేల మీద కూర్చుని, మంచి చీర కుచ్చిళ్లు నలిగిపోతుండగా కట్టంతా తెంపింది. చాయ రాలేదు. లోపల్నుంచి బోళ్ల చప్పుడు తప్ప పలకరింపు లేదు. వస్తానండి అని చెప్తే, ఆఁ అని వంటింట్లోంచే వినబడింది. వాకిలి దాకా ఎవరూ రాలేదు.

స్కూటీ మీద నల్గొండ చేరేదాకా ఏడుస్తూనే ఉంది. మొహం మీద కాదనడానికి బదులు పెద్దావిడ తనకు అర్థమయ్యే భాషలోనే చెప్పిందనుకుంది. ఆ వారంలోనే గది ఖాళీ చేసి హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లిపోయింది. మైసూరుకు వస్తున్నానని రాసేసింది. ఎల్లేష్ ఫోన్లు ఎత్తలేదు. ఎత్తిన ఒక్కసారీ ఏడుపు దిగమింగుకుని మాట్లాడింది.

“మీ అమ్మగారికి నేనంటే ఇష్టం లేదు. ఆవిడ కాదన్న ఇంటికి నేను రాలేను.”

“అమ్మ కాదన్నదా? ఎప్పుడన్నది?”

“అనక్కర్లేదు. నాకు తెలుస్తుంది. నేను చదువుతున్నదే అది.”

మైసూరు ప్రయాణానికి ముందురోజు పెట్టె సర్దుకుంటుంటే, కింద ఎవరో వచ్చారని వాచ్‌మన్ కబురు పంపాడు. గేటు దగ్గర ఎల్లేష్ వానకు తడిసి ముద్దై ఉన్నాడు. పక్కన యాదలక్ష్మి, తలమీద కొంగు, మొహం గంటు పెట్టుకుని. మగవాళ్లను లోపలికి రానివ్వరట, అమ్మే మాట్లాడుతుందట అని చెప్పి, అతను సుమన కళ్లలోకి ఒక్క క్షణం చూసి పక్కకు తప్పుకున్నాడు. అన్ని రోజులు దాచుకున్న దుఃఖమంతా ఆమెకు ఆ చూపుతో పైకి తన్నుకొచ్చింది.

గదిలోకి రాగానే సుమన ఉన్న ఒక్క కుర్చీనీ చున్నీతో తుడిచి వేసింది. మెస్సుకు పరుగెత్తి, ఎవరినో బతిమాలి సాసర్ సంపాదించి, దాన్లో కప్పు పెట్టి చాయ తెచ్చింది. కూర్చోండి అమ్మగారూ, ఒక్క గుక్క తాగండి అని చేతులు జోడించినంత పని చేసింది. యాదలక్ష్మి కుర్చీ వైపు చూసింది, సాసర్ వైపు చూసింది. కూర్చోలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“గిదేంది బిడ్డా, పరాయిదానికి ఏసినట్టు నాకు కుర్చేస్తున్నవు? మేమంటె ఇష్టం లేదని నోటితోటి చెప్పరాదా?”

“ఇష్టం లేనిది మీకు కదండీ,” అంది సుమన. “ఆ రోజు నన్ను కూర్చోమని కూడా అనలేదు.”

“ఇంటిపిల్లను కూసోమని ఎవలన్న అంటరా? నా బిడ్డ మమత అత్తగారింటి నుంచి వస్తే దానికి చాయ పోసిస్తనా నేను? నాకే పోస్తది అది. నువ్వు కూర తెంపుతుంటే లోపట నేనెంత సంబురపడ్డనో నీకేమెరుక?” కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “తీరా జూస్తే చెప్పకుండ ఎల్లిపోతివి. వాడు సరింగ బువ్వ తింటలేడు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సుమన వెళ్లి ఆమెను గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. యాదలక్ష్మి ఆమె వీపు నిమురుతూ, సగం సర్దిన పెట్టె చూసి, ఎక్కడికి ప్రయాణమని అడిగింది. మైసూరు సంగతి విన్నాక కాసేపు ఆలోచించింది.

“కొలువొస్తే పోవాలె. పోవద్దని ఎవలన్నరు? చెప్పి పో, వచ్చేటప్పుడు సక్కగ మనింటికి రా. ముందుగాల మీ అమ్మకు ఫోన్ కలుపు, నేను మాట్లాడుత.”

ఆమె కుర్చీని పక్కకు నెట్టి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సుమన ఫోన్ కలిపి, ఎల్లేష్ వాళ్లమ్మగారు అని తల్లికి చెప్పి, ఆమె చేతికిచ్చింది. అవతల నాగరాణి ఇక ఆగలేదు. మీరు మాట్లాడటం మా అదృష్టమండి, మీరంతా మా ఇంటికి తప్పకుండా రావాలండి, వారం రోజులకు తక్కువైతే పంపించేది లేదండి, మీకు ఏమేం ఇష్టమో చెప్పాలండి, ఆయ్, మొహమాటపడితే మేం ఊరుకోమండి. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటోందో లేదో తెలియడం లేదు. యాదలక్ష్మి ఆఁ, ఆఁ అంటోంది గానీ ఆమె మొహం క్షణక్షణానికీ పాలిపోతోంది. చివరికి ఫోన్‌ను అరచేత్తో మూసి సుమన వైపు భయంగా చూసింది.

“మీ అమ్మ నాకు గిన్ని మర్యాదలు చేస్తాంది. పిల్లనిస్తదా, ఇయ్యదా?”

సుమనకు ఏడుపులోనే నవ్వు ముంచుకొచ్చింది. “ఇస్తది అత్తమ్మా,” అంది. “మా దిక్కు గిట్లనే ఇస్తరు.”

తన నోటి వెంట ఆ మాట ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియలేదు. యాదలక్ష్మి మాత్రం విన్నది. ఫోన్ మీద నుంచి చెయ్యి తీసి, “ఆఁ, వస్తం వదినా,” అంది.