వకానా భుజం మడత

శనివారం బడి లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మమ్మ పక్కింటివాళ్ళకి కమలాపళ్ళు ఇవ్వడానికి వెళ్ళింది. ఆమె వెనకే తోకలా చెల్లెలు వకానా పోయింది. ఇంట్లో సుజుహ ఒక్కతే మిగిలింది.

చాపల గదిలో ఆ కిమోనో కర్రకి వేలాడుతోంది. ఎర్రటి పట్టు, కింద తెల్ల చేమంతులు. మూడేళ్ళ కిందట తనకి ఏడేళ్ళు వచ్చినప్పుడు సుజుహ దాన్నే కట్టుకుని ఏడేళ్ళ పండుగకి గుడికి వెళ్ళింది. రేపు చెల్లెలి వంతు.

'నాది' అనుకుంది సుజుహ. దించి తొడుక్కుంది. కిమోనో చేతులు మణికట్టు దాకా రాలేదు.

భుజం మీద అమ్మమ్మ కుట్టిన మడత తగిలింది. పిల్లల కిమోనోకి భుజాల దగ్గర బట్ట మడిచి కుడతారు. పిల్ల ఎదిగితే ఆ మడత విప్పుతారు. వకానా కొలతకి దీన్ని కుట్టడానికి అమ్మమ్మకి మూడు రోజులు పట్టింది. చలికాలం వస్తే ఆమె వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి మరి.

ఆ సంగతి సుజుహకి గుర్తు రాలేదు. 'ఈ మడత లేకపోతే నాకు సరిపోదూ?' అనుకుంది. కత్తెర తెచ్చి కుట్లు ఒక్కొక్కటే తెంపింది. దారం సులువుగా ఊడి వచ్చేసింది. అద్దంలో చూసుకుంది. చేతులు సరిగ్గా మణికట్టు దాకా వచ్చాయి!

అంతలో వీధి తలుపు జరిగిన చప్పుడయింది. సుజుహ గబగబా కిమోనో విప్పి కర్రకి తగిలించేసింది. తెగిన దారాలు జేబులో కుక్కేసుకుంది.

"అమ్మమ్మా, ఒక్కసారి వేసుకుంటా! ఒక్కసారే!" అంటూ వకానా లోపలికి వచ్చింది.

"రేపటిదాకా ఆగలేవుటే కోతిపిల్లా?" అంటూనే అమ్మమ్మ తొడిగింది.

వకానా వేళ్ళు కనిపించలేదు. చేతులు కిందికి జారి వేలాడుతున్నాయి. పైకెత్తి చూసుకుంది. మళ్ళీ దించింది.

"అమ్మమ్మా... నేను చిన్నదాన్నయిపోయానా?" అంది వకానా. "నాకు ఏడేళ్ళు సరిగ్గా రాలేదా? రేపు గుడికి రానివ్వరా?"

అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని భుజం తడిమింది. మడత లేదు.

"అదేమిటి, కుట్టలేదా నేను? కుట్టాననే అనుకున్నానే..." ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు. "నా బుర్ర పనిచెయ్యడం లేదమ్మా."

సుజుహ చెయ్యి జేబులోకి వెళ్ళింది. నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ అమ్మమ్మ ఇంకా తన వేళ్ళనే చూసుకుంటోంది.

జేబులోని దారాలు తీసి చాప మీద పెట్టింది.

"నువ్వు కుట్టావమ్మమ్మా. నేనే తెంపేశాను. నాకు సరిపోతుందేమో చూద్దామని."

"దొంగ!" వకానా కాలు నేలకేసి కొట్టింది. "నీ పండుగ అయిపోయిందిగా! గోడ మీద ఫోటో కూడా ఉంది!"

అమ్మమ్మ నెమ్మదిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య, బుర్ర బాగానే ఉందన్నమాట." తర్వాత సుజుహ వైపు తిరిగింది. "విప్పడం వచ్చిందిగా. ఇంక కుట్టడం నేర్చుకో. నా వేళ్ళు ఇవాళ లొంగవు."

"నాకు రాదు అమ్మమ్మా!"

"వస్తే నేర్చుకోమని ఎందుకంటాను?"

ముందు కొలత తీసుకోవాలి. "చేతులు చాచవే" అంది సుజుహ.

"గుచ్చావంటే కరుస్తా."

"గుండుసూదే. కదలకు. చేలో దిష్టిబొమ్మలా నుంచో."

"నువ్వే దిష్టిబొమ్మ!"

కొలత అయ్యాక కిమోనో విప్పి ఒళ్ళో పరుచుకుంది. మొదటి వరస వంకరగా వచ్చింది. తనే విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. వేలు రెండుసార్లు గుచ్చుకుంది. అరచెయ్యంత కుట్టేసరికి మెడ పట్టేసింది. 'అమ్మమ్మ మూడు రోజులు ఇలాగే కూర్చుందా?' అనుకుంది. టోఫు కొట్టులో పని ముగించుకుని అమ్మ ఇల్లు చేరే వేళకి రెండు భుజాలూ అయ్యాయి.

మర్నాడు గుడి నిండా పిల్లలే. వకానా నడుముకి అమ్మ మొదటిసారిగా పెద్దవాళ్ళు కట్టుకునే గట్టి నడికట్టు కట్టింది. వకానా బిగుసుకుపోయి, దొరసానిలా నడుస్తోంది. చేతిలో పొడుగాటి మిఠాయి సంచి నేలని రాసుకుంటోంది.

దూరంగా తన క్లాసు పిల్ల కనిపించగానే ఆ దొరసానితనం ఎగిరిపోయింది. "ఓయ్!" అంటూ చెయ్యి గట్టిగా ఊపింది. ఎడమ భుజం దగ్గర దారం పుటుక్కుమంది. కిమోనో చెయ్యి వేళ్ళ మీదికి జారిపోయింది.

"అయ్యో, ఫోటోకి పిలుస్తున్నారే! ఇప్పుడెలా?" అమ్మ కంగారుపడిపోయింది.

వకానా మొహం చిన్నబోయింది. "అక్కా, నేను మళ్ళీ చిన్నదాన్నయి..."

"నువ్వు కాదు. నా ముడి వదులైంది." సుజుహ జేబులోంచి సూదీ ఎర్ర దారమూ తీసింది. పొద్దున ఎవరూ చెప్పకుండానే పెట్టుకుంది. గులకరాళ్ళ మీద మోకాళ్ళూనింది. "చెయ్యి చాచు."

"ఆగాగు!" అంది అమ్మమ్మ. "ఒంటి మీద ఉండగా బట్ట కుట్టకూడదు, కీడు. తప్పదంటే ముందు 'విప్పేశాను' అనాలి. గట్టిగా."

వకానా చుట్టూ చూసింది. ఎంతమంది జనం! కళ్ళు గట్టిగా మూసుకుంది.

"విప్పేశాను! విప్పేశాను! విప్పేశాను!"

మిఠాయి సంచులు అమ్మే తాత వెనక్కి తిరిగి పకపకా నవ్వాడు. సుజుహకీ నవ్వు తన్నుకొచ్చింది. చెయ్యి వణికితే చెల్లెలికి గుచ్చుకుంటుందని పళ్ళ బిగువున ఆపుకుంది. కుట్టు లాగి, ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేసింది.