తప్పుల బుధవారం

"మీ వార్తల్లో మళ్లీ తప్పు. ఇసుక తుఫాను వచ్చింది మంగళవారం. మీరు సోమవారం అని చదివారు."

ఫోన్లో ఆ గొంతు వినగానే పునీత్ పేరు అడక్కుండానే లాగ్‌బుక్‌లో రాసుకున్నాడు. భవిత, ఫిజియోథెరపిస్ట్. పక్క గడిలో ఎప్పటిలాగే: ఫిర్యాదు.

"మేడం, మీ క్లినిక్‌ల పేషెంట్లు లేరా?"

"ఉన్నారు. మీ ప్రోగ్రాం పెడితే కోపంతో నడుం నొప్పి మర్చిపోతున్నారు."

అల్ ఖోబర్ శివార్లలో ఒక కంపెనీ క్యాంపు. అందులో లాండ్రీ వెనక రేకుల గదే ఆ ఏఎమ్ రేడియో స్టేషన్. బస్సు వేళలు చెప్పడానికి 1978లో పెట్టారు. పోనుపోను మెస్ సాంబారు మీద జనం ఫోన్లో పోట్లాడుకునే చోటయింది. బుధవారం సాయంత్రం తెలుగు గంట. దానికి మాటలు, మీటలు, గది ఊడ్చడం అన్నీ కరీంనగర్ పునీతే.

2005 మార్చిలో ఒక శనివారం మేనేజర్ ఖాదర్ మొహిద్దీన్ టీ పోయించి మరీ బాంబు వేశాడు.

"మియా, నీ రేడియో ఎవరు వింటలేరు అంటున్రు పైవాళ్లు. ఈ బుధవారం నలభై మంది ఫోన్ చేస్తే స్టేషన్ ఉంటది. లేకుంటే నీకు ఫైనల్ ఎగ్జిట్."

అంటే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రద్దు, ఇంటికి విమానం. భవిత గొంతు మళ్లీ వినపడదు. పునీత్‌కి లేని మెడనొప్పి వచ్చింది. నేరుగా క్లినిక్‌కి వెళ్లాడు.

సంగతంతా విని భవిత నవ్వలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"మా నాన్న ఇరవై ఏళ్లుగా మీ స్టేషన్ వింటున్నారు. ఒక్కసారి మెచ్చుకుంటూ ఫోన్ చెయ్యలేదు. తప్పు దొరికితే మాత్రం ఫోన్ కోసం అన్నం ముందు నుంచి లేస్తారు. అందరూ అంతే. అందుకని తప్పులు చెప్పండి."

"అది నాకు అలవాటే కద."

"ఈసారి కావాలని. లిస్టు నేను రాసిస్తా."

బుధవారం ఐదింటికి ఖాదర్ మొహిద్దీన్ కుర్చీ వేసుకుని లెక్కకి కూర్చున్నాడు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినపడితే మైకు కట్టెయ్యాలి. అదే గడువు.

"ఈ రోజు మన స్టేషన్ చరిత్ర," అన్నాడు పునీత్ మైకులో. " 1985లో పుట్టింది. మొట్టమొదటి ఫిర్యాదు చపాతీల మీద."

వెంటనే ఫోన్ మోగింది.

"డెబ్బై ఎనిమిది బిడ్డా," అన్నాడు వెల్డర్ అంజన్న. "ఆ యాంటెన్నా పోల్ వెల్డింగ్ చేసింది నేనే. నాకు చెప్తవా?"

తర్వాత క్లినిక్ ఆయా రహమత్బీ. "చపాతీలు కాదు బాబూ, సాంబార్లో ఉప్పు. ఆ వండినాయన మా ఆయనే."

ఇక ఫోన్‌కి ఊపిరాడలేదు. పునీత్ లిస్టు చూసి ఒక్కో అబద్ధం వదలడం, జనం ఎగబడి దిద్దడం. ముప్పై తొమ్మిదో కాల్ దగ్గర లిస్టు అయిపోయింది. ఫోన్ కూడా ఆగింది. అందరికంటే ముందు రావాల్సిన గొంతు ఒక్కటే రాలేదు.

కిటికీలో ఎండ ఎర్రబడింది. పునీత్ కాగితం మడిచి మైకు దగ్గరికి జరిగాడు.

"ఈ స్టేషన్‌కి ముప్పై సార్లు ఫోన్ చేసిన శ్రోత ఒకరున్నారు. ఆమెకి నేనంటే అస్సలు ఇష్టం లేదు. చరిత్ర ఇంతటితో సమాప్తం."

ఖాదర్ మొహిద్దీన్ కళ్లజోడు తీశాడు. ఫోన్ మోగింది.

"తప్పు," అంది భవిత.

"ఇంతసేపు ఎక్కడున్నారు మేడం?"

"ఇందాకటివన్నీ నేను రాసిచ్చినవి. నేనే ఎలా దిద్దను? ఇది మాత్రం మీ సొంత తప్పు."

"నలభై," అన్నాడు ఖాదర్ మొహిద్దీన్ మెల్లగా.

ఆమె పెట్టేసిందో లేదో మళ్లీ మోగింది. సేఫ్టీ ఇంజనీర్ రామప్రసాద్, భవిత నాన్న.

"ముప్పై సార్లు కూడా తప్పే. మా అమ్మాయి చేసింది నలభై ఒక్కసార్లు. మా ఇంట్లో ఫోన్ నాకు దొరికితే కదా. రేపు గురువారం సెలవేగా, భోజనానికి రండి. మా ఆవిడ నాకంటే ఎక్కువ తప్పులు పడుతుంది, సిద్ధపడి రండి."

అజాన్ వినపడింది. పునీత్ మైకు కట్టేసి లాగ్‌బుక్ ముందుకు లాక్కున్నాడు. భవిత పేరు పక్క గడిలో మొదటిసారి ఫిర్యాదు అని రాయలేదు. సవరణ అని రాశాడు.