బాలస్వామి మాస్టారి అభిప్రాయం

ఉదయం ఆరున్నరకి బాలస్వామి మాస్టారు వసారాలో పడక కుర్చీ వాల్చుకుని, కళ్ళజోడు పంచె చెంగుతో తుడుచుకుని, "తెర లేచును" అని గట్టిగా చదివారు. ఈడేపల్లిలో ఆ ఇంటికి తెల్లవారడమంటే అదే.

మాస్టారు బందరు మిషన్ హైస్కూల్లో తెలుగు చెబుతారు. సొంతంగా ఆరు నాటకాలు రాశారు. అయితే ఆయన పేరు మోగింది వాటివల్ల కాదు, ఇతరుల నాటకాల మీద రాసే అభిప్రాయాలవల్ల. గుడివాడ నుంచి, దివిసీమ నుంచి ఎవరు కొత్త నాటకం రాసినా అచ్చుకి వెళ్ళే ముందు రాతప్రతి ఆయన దగ్గరికి రావలసిందే. మొదటి పేజీలో ఆయన రెండు ముక్కలు రాస్తే గుడివాడ నాటక పరిషత్తు పోటీలవాళ్ళు ఆ నాటకాన్ని ఒకటికి రెండుసార్లు చూస్తారు. సాటి రచయిత బాగా రాస్తే ఈర్ష్య పడటం ఆయనకి చేతకాదు. పసిపిల్లాడిలా సంబరపడిపోతారు. ఎవరి నాటకం గురించీ ఒక్క చెడ్డ మాట రాసి ఎరగరు.

చదవడం మాత్రం పైకే చదవాలి. గుమ్మంలో చేట ముందు పెట్టుకుని, ఎండురొయ్యల తలలు గిల్లుతూ భార్య ఆనందమ్మ వింటూ ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. నాటకం మొత్తానికి ఆమె ఒకటో రెండో మాటలు అనేది. "అంత కోపంలో ఇల్లు వదిలేవాడు చెప్పులు తొడుక్కుని వెళ్ళడండీ" అని ఒకసారి అంది. మాస్టారు ఆ సంగతి ఉత్తరం రాస్తే రచయిత ఆ రంగం మార్చుకున్నాడు. తరువాత అచ్చయిన పుస్తకంలో, "కథానాయకుడు చెప్పుల్లేని కాళ్ళతో వెళ్ళిపోవడంలో రచయితకున్న లోకజ్ఞానం కనిపిస్తుంది" అని మాస్టారి అభిప్రాయం. అందరూ ఆహా అన్నారు. అందరితోపాటు మాస్టారు కూడా అన్నారు.

ఆనందమ్మకి అవన్నీ పట్టేవి కావు. ఆయన "తెర లేచును" అనగానే ఆమెకి వసారా మాయమైపోయేది. ఎదురుగా పల్చటి నీలంరంగు తెర, సముద్రపు గాలికి ఊగుతూ, నెమ్మదిగా పైకి లేచేది. దాని వెనక పొద్దుటి మంచులో ఉన్నట్టు ఒక ఇల్లు. ఆ ఇంట్లో మనుషులు తిరిగేవారు, నవ్వేవారు, ఏడ్చేవారు. వాళ్ళు కట్టుకున్న చీరల అంచులు కూడా ఆమెకి తెలిసేవి. పొయ్యి మీద ఎసరు మరిగిపోతున్నా ఆమె కాసేపు అక్కడే ఉండిపోయేది.

ఆ ఉదయం చదువుతున్నది ఆమె తమ్ముడు సత్యవేదం రాసిన నాటకం. బందరులో కాలేజీ చదువుకున్న నాలుగేళ్ళూ అతను అక్క ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు అవనిగడ్డలో పంతులు. నాటకం పేరు 'వైద్యుడి ఇల్లు'.

అందులో ఒక వైద్యుడు. రోగి నాడి పట్టుకుంటాడు. తలుపు చాటునుంచి భార్య, "ఆ బాబుకి నిద్ర పడుతోందో లేదో అడగండి" అంటుంది. అడుగుతాడు, మందు ఇస్తాడు, రోగం తగ్గిపోతుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వైద్యుడి హస్తవాసిని పొగుడుతాయి. చివరి అంకంలో భార్య మంచాన పడుతుంది. ఆమెకి ఏమైందో వైద్యుడికి అంతుపట్టదు. ఒంట్లో ఎలా ఉందని ఆయన ఆమెని ఏనాడూ అడగలేదు మరి.

చదవడం పూర్తయ్యేసరికి మాస్టారు పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆమె ఏమంటుందా అని చూశారు. ఆనందమ్మ చేతులు చేటలోనే ఆగిపోయి ఉన్నాయి. ఏమీ అనవేమని అడిగితే, అన్నం మాడుతోందని లేచి వెళ్ళింది.

మొదటిసారి మాస్టారు సాయం లేకుండా అభిప్రాయం రాసుకోవలసి వచ్చింది. భాష బాగుందని, సంభాషణలు సహజంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఇంటి మనిషి కదా, చనువు కొద్దీ చివర ఒక లోపం కూడా చూపించారు. "అయితే, పక్కనున్న మనిషిని ఇరవై ఏళ్ళు గమనించని భర్త లోకంలో ఉంటాడా? ఈ పాత్రని నమ్మడం కష్టం." సంతకం పెట్టి టపాలో వేశారు. తన నిష్పక్షపాతానికి తానే మురిసిపోయారు.

తరువాతి ఆదివారం ఆరాధన అయి ఇంటికి వచ్చేసరికి సత్యవేదం వసారాలో కూర్చుని ఉన్నాడు. వందనాలు చెప్పాడు, మంచినీళ్ళు తాగాడు, జేబులోంచి ఆ కాగితం తీశాడు.

"బావగారూ, మీరు మెచ్చుకున్నదే నాకు ఎక్కువ. ఆ చివరి రెండు వాక్యాలూ తీసేయండి."

మాస్టారికి చురుక్కుమంది. "నీ బాగు కోరి రాశానోయ్. తియ్యను."

"చదివినవాళ్ళు నవ్వుతారండీ."

"నిన్ను చూసి నవ్వుతారా?"

సత్యవేదం తల వంచుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఉన్న ఆనందమ్మ మెల్లగా అంది. "ఆ వైద్యుడెవరో ఆయనకి తెలియలేదురా తమ్ముడూ."

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తెలిసేసరికి మొహం ఎర్రబడింది. ఏ మొగుడు పెళ్ళానికి రోజూ నాటకం చదివి వినిపిస్తాడో చూపించమన్నారు. ఆమె మాటని తాను ఏనాడు కాదన్నానో చెప్పమన్నారు. గొంతు వీధిదాకా వెళ్ళింది.

"నా మాటలు రాసుకున్నారండీ. కాదనను," అంది ఆనందమ్మ. "నేను ఒక్క నాటకమైనా కళ్ళతో చూశానా అని ఎప్పుడైనా అడిగారా?"

మాస్టారు తెల్లబోయారు. "అదేమిటి? మొన్న నా నాటకానికి బహుమతి ఇచ్చినప్పుడు గుడివాడ రాలేదూ నువ్వు?"

"లేదు. మీకు పులిహోర కట్టి ఇచ్చాను. మీరు తిరిగొచ్చి చెబితే విన్నాను."

ఆయన నిజంగానే ఆమె వచ్చిందనుకున్నారు. ఆ సంగతి ఆయన మొహంలో కనిపించేసరికి ఆనందమ్మకి కోపంకన్నా దుఃఖం ఎక్కువ వచ్చింది. "ఇకనుంచి మీ నాటకాలు మీరే చదువుకోండి. నేను వినను," అని లోపలికి వెళ్ళిపోయింది. సత్యవేదం భోజనం చేయకుండానే బస్సెక్కాడు.

మర్నాడు మాస్టారు పంతం కొద్దీ వసారాలో కూర్చుని "తెర లేచును" అన్నారు. గుమ్మం ఖాళీగా ఉంది. రెండు పేజీలు చదివేసరికి మాటలన్నీ ఒకేలా వినపడసాగాయి. మంగళవారమూ అంతే. ఇంట్లో అన్నం వేళకి అన్నం, కాఫీ వేళకి కాఫీ వచ్చాయి. మనిషి మాత్రం మాట్లాడలేదు.

బుధవారం బడి నుంచి వచ్చి బీరువా తెరిచారు. తన అభిప్రాయాలున్న పుస్తకాలు నలభై దాకా ఉన్నాయి. ఒక్కొక్కటీ మొదటి పేజీ తిప్పారు. అక్కడ చెప్పుల్లేని కాళ్ళు. ఇక్కడ, 'కూతురి పెళ్ళినాడు తల్లి ఏడవదు, సామాను సర్దుతుంది.' ఇంకోచోట, 'అబద్ధం ఆడేవాడు ముందు మంచినీళ్ళు అడుగుతాడు.' లోకం మెచ్చుకున్న ప్రతి ముక్కా ఏ ఉదయాన, ఏ కూర ఏరుతూ ఆమె అన్నదో గుర్తుకి వచ్చింది. భాష బాగుంది, సంభాషణలు సహజం అన్నవి మాత్రమే ఆయన సొంతం. మాస్టారు నేలమీద ఆ పుస్తకాల మధ్య కూర్చుని, కళ్ళజోడు తీసేసి, చాలాసేపు ఏడ్చారు.

ఆ తరువాత లేచి ఒక కాగితం రాసుకుని, వంటింటి లోపలికి వెళ్ళారు. ఆనందమ్మ పొయ్యి ఊదుతోంది. ఆయన నిలబడే చదివారు.

"ఇటువంటి భర్త లోకంలో ఉంటాడా అని మొదట రాశాను. ఉంటాడు. బందరు ఈడేపల్లిలో ఉన్నాడు. ఇంతకాలం అతని పేరుతో మీరు చదివిన మంచి మాటలు అతని భార్య ఆనందమ్మవి. ఈ నాటకం గొప్పదని చెప్పడానికి అతనికన్నా అర్హుడు లేడు."

పొగకో దేనికో ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఈడేపల్లి అని కూడా వెయ్యాలా?" అంది.

"వెయ్యాలి," అన్నారు మాస్టారు. "గుడివాడ వస్తావా ఆనందం?"

వేసవిలో గుడివాడ పోటీల్లో 'వైద్యుడి ఇల్లు' ఆడారు. ఇద్దరూ పామర్రులో బస్సు మారి, ఎండ చల్లబడే వేళకి గుడివాడ చేరారు. ఆనందమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. దారి పొడుగునా కోసేసిన చేలు, కాలవ గట్ల మీద బాతులు. ఆమె కిటికీ వదల్లేదు. పందిట్లో ముందు వరసలో కూర్చుని, తెర ఎప్పుడు లేస్తుందా అని చూసింది.

తెర లేచింది. ఎర్రటి తెర, మధ్యలో ఒకచోట ఇరుక్కుంటే ఎవరో గుంజారు. రంగులు వేసిన అట్టగోడ. వైద్యుడి భార్యగా తాలూకాఫీసు గుమాస్తా ఒకాయన చీర కట్టుకుని వచ్చాడు. నాటకం అయ్యేసరికి పందిరి పందిరంతా ముక్కులు చీదుకుంది. మాస్టారు సరేసరి. ఆమె వైపు తిరిగి చూశారు. ఆనందమ్మ ఏడవడం లేదు. ఏదో పోగొట్టుకున్నదానిలా వేదిక వైపే చూస్తోంది.

"బాగాలేదా?" అన్నారు కంగారుగా.

"బాగుందండీ. కానీ నాకు రోజూ కనపడేది ఇది కాదు."

ఏదైనా ఒక మాట అంటే అందిపుచ్చుకుని దాచుకోవడమే ఆయనకి అలవాటు. ఇప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "నీకేం కనపడుతుంది? చెప్పు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది, నిజంగానే అడుగుతున్నారా అని. అడుగుతున్నారు. అప్పుడు మొదలుపెట్టింది. నీలం తెర దగ్గర మొదలుపెట్టింది. సముద్రపు గాలి చెప్పింది, మంచులో ఇల్లు చెప్పింది, ఆ వైద్యుడి భార్య కట్టుకున్న నేరేడుపండు రంగు చీర చెప్పింది. ఇరవై రెండేళ్ళ మాటలు తొందరపడి ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి.

నాటకం మీద నాలుగు మాటలు చెప్పడానికి బాలస్వామి మాస్టారిని వేదిక మీదకి రమ్మని మైకులో పిలిచారు. మళ్ళీ పిలిచారు. మూడోసారి సత్యవేదమే పిలిచాడు. మాస్టారికి వినపడలేదు. ఆయన వింటున్నారు.